సంతానానికి పగ్గాలు మెదడులో: అపోహలు – వాస్తవాలు

సేర్వరాయన్ కొండల కింద, వాణియార్ జలాశయం దగ్గర ఉంది పాపిరెడ్డిపట్టి. తమిళనాడు ధర్మపురి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఊరి పేరులోనే రెడ్డి ఉన్నాడు. తమిళం మధ్య తెలుగు బతికున్న ప్రాంతం ఇది. పొలంలో కర్రపెండలం, చెరకు, పసుపు. ఇంటి ముందు ఒకటో రెండో పాడి ఆవులు. కొండవాలున మేకలు. ఇలాంటి ఊళ్ళలో సంసారాలు రెండు కబుర్ల కోసం ఎదురుచూస్తుంటాయి: ఇంట్లో కోడలు నీళ్ళోసుకుందా, దొడ్లో ఆవు చూలు కట్టిందా.

ఆ కబురు ఆలస్యమైతే నింద మొదలవుతుంది. కోడలి జాతకం మీద, ఆవు సుడి మీద, ఎదురింటివాళ్ళ దిష్టి మీద, అమావాస్య మీద. కానీ ఆవైనా, మేకైనా, మనిషైనా, సంతానానికి సంబంధించిన హార్మోన్ల పగ్గాలు మెదడు అడుగుభాగంలో ఉన్న కొద్దిపాటి కణాల చేతిలో ఉంటాయి. ఆ కణాలు తిండిని, భయాన్ని, బిడ్డ పాలు తాగడాన్ని, వాసనను పసిగట్టి నిర్ణయం తీసుకుంటాయి. వాటి పని తీరు తెలిస్తే సగం నిందలు అక్కర్లేదు. వైద్యానికీ సూదులకూ వృథాగా పోయే డబ్బూ మిగులుతుంది.

అపోహ 1: పిల్లలు పుట్టడం, పుట్టకపోవడం గర్భసంచి సంగతి. మెదడుకు అందులో పనిలేదు.

వాస్తవం: మెదడు అడుగున బాదంగింజంత ఉండే భాగం హైపోథలామస్. అక్కడక్కడా విత్తనాలు చల్లినట్టు అందులో ప్రత్యేకమైన నాడీకణాలు ఉంటాయి. ఎలుకలో ఇవి సుమారు 800. మనిషి మెదడులో మొత్తం నాడీకణాలు దాదాపు 8,600 కోట్లయితే, ఈ రకానివి కొన్ని వేలకు మించవు. ఇవి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను సన్నని రక్తనాళాల్లోకి వదులుతాయి. అది కిందనే బఠాణీగింజంత ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఆడవారిలో అండాశయం, మగవారిలో వృషణం ఆ రెండింటి మాట వినే పనిచేస్తాయి.

మెదడు పిట్యూటరీని నడిపేది నరాలతో కాదనీ, రక్తంలో పంపే రసాయనాలతోననీ బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ హ్యారిస్ 1940, 50లలో నిరూపించారు. ఆ రసాయనం ఏదో పట్టుకోవడానికి ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల మెదళ్ళను, రోజర్ గీమాఁ బృందం గొర్రెల మెదళ్ళను వడపోశాయి. 1971లో జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణం తేలింది. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. 1977 నోబెల్‌లో వారిద్దరికీ వాటా దక్కింది. పందిలో దొరికిన ఆ గొలుసే మనిషిలోనూ, ఆవులోనూ, మేకలోనూ ఉంది.

అపోహ 2: వాసన తెలియకపోవడం ముక్కు జబ్బు. వయసుకు రాకపోవడం వేరే సంగతి.

వాస్తవం: జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు పుట్టేది మెదడులో కాదు, ముక్కులో. పిండం తల్లి కడుపులో ఉండగానే ముక్కు మూలంలో పుట్టి, వాసన నరాల దారిపట్టి మెదడులోకి నడిచివెళ్తాయి. 1989లో ఎలుక పిండాలలో ఈ ప్రయాణాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ దారి సరిగా ఏర్పడకపోతే కణాలు గమ్యం చేరవు. అలాంటి బిడ్డకు వాసనా తెలియదు, యుక్తవయసు లక్షణాలూ రావు. 1944లో ఈ జబ్బును వివరించిన వైద్యుడి పేరు మీద దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ.

ఇది శాపం కాదు, చికిత్స ఉన్న జబ్బు. హార్మోన్ చికిత్సతో యుక్తవయసు మార్పులు తేవచ్చు. చాలామందికి సంతానం కూడా సాధ్యమే. 13 ఏళ్ళు నిండినా ఆడపిల్లకు రొమ్ములు మొలకెత్తకపోతే, 14 నిండినా మగపిల్లవాడిలో వృషణాలు ఎదగకపోతే డాక్టరుకు చూపించాలి. మల్లెపూవు వాసన, సాంబ్రాణి వాసన బిడ్డకు తెలుస్తున్నాయో లేదో కూడా చెప్పాలి. ఆ ఒక్క మాట డాక్టరుకు దారి చూపవచ్చు.

అపోహ 3: హార్మోన్ ఎంత ఎక్కువ ఎక్కిస్తే సంతానశక్తి అంత పెరుగుతుంది.

వాస్తవం: ఇక్కడ మోతాదు కంటే తాళం ముఖ్యం. భజనలో తాళం ఆగకుండా ఒకే మోతగా మోగితే పాట నడవదు. జీఎన్‌ఆర్‌హెచ్ కూడా అంతే. ఒకసారి కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టాలి. స్త్రీలో నెలసరి మొదటి సగంలో సుమారు గంట, గంటన్నరకొకసారి ఈ దెబ్బ పడుతుంది. అండం విడుదలయ్యాక తాళం నెమ్మదిస్తుంది.

1978లో ఎర్న్‌స్ట్ క్నోబిల్ బృందం కోతులలో దీన్ని రుజువు చేసింది. సొంత జీఎన్‌ఆర్‌హెచ్ లేకుండా చేసిన కోతులకు బయటినుంచి గంటకొకసారి ఇస్తే పిట్యూటరీ చక్కగా పలికింది. అదే మందును నిరంతరాయంగా ఎక్కిస్తే పలకడం మానేసింది. వైద్యులు ఈ గుణాన్ని చికిత్సగా మార్చుకున్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను తగ్గించడానికీ, మరీ పసివయసులో మొదలైన యుక్తవయసును ఆపడానికీ జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన మందులను ఎడతెగకుండా అందేలా ఇస్తారు.

మరి తాళం వేసేది ఎవరు? దానికి జవాబు 2003 తర్వాతే తేలింది. ఆ ఏడు పారిస్‌లో ఒక బృందం, బోస్టన్‌లో ఒక బృందం యుక్తవయసు రాని కుటుంబాలను పరిశీలించి, కిస్‌పెప్టిన్ అనే పదార్థం అందుకునే గ్రాహకంలో లోపం ఉందని కనుక్కున్నాయి. కిస్‌పెప్టిన్ జన్యువు 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్ళో క్యాన్సర్ పరిశోధనలో దొరికింది. ఆ ఊరి చాక్లెట్ 'కిస్' పేరే దానికి పెట్టారు. హైపోథలామస్‌లోని కిస్‌పెప్టిన్ కణాలు మూడు రసాయనాలను వాడతాయి. న్యూరోకైనిన్-బి తాళం ఎత్తుకుంటుంది, కిస్‌పెప్టిన్ జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను తడుతుంది, డైనార్ఫిన్ ఆపమంటుంది. అండాశయం పంపే ఈస్ట్రోజెన్ కబురును ప్రధానంగా విని జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు చేరవేసేవి కూడా ఈ కిస్‌పెప్టిన్ కణాలే.

అపోహ 4: ఎద, నెలసరి చంద్రుణ్ణి బట్టి వస్తాయి.

వాస్తవం: చంద్రుడి చక్రం ఇరవైతొమ్మిదిన్నర రోజులు. ఆవుకూ మేకకూ ఎద చక్రం సుమారు 21 రోజులు, గొర్రెకు 17, చిట్టెలుకకు నాలుగైదు. స్త్రీకి సగటున 28 అన్నా, 21 నుంచి 35 రోజుల మధ్య ఏదైనా మామూలే. ఆకాశంలో ఒక్క చంద్రుడే ఉన్నా చక్రాలు ఇన్ని రకాలు. ఏ జంతువు చక్రమైనా దాని మెదడు, పిట్యూటరీ, అండాశయం కలిసి నడుపుకునేదే.

అపోహ 5: ఈనిన ఆవు నెలల తరబడి ఎదకు రాకపోతే దిష్టి తగిలినట్టు. లేదా అది గొడ్డుపోయినట్టు.

వాస్తవం: ముందు గాడి వైపు చూడండి. ఆవుకు చూలు సుమారు 280 రోజులు. ఏడాదికొక దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపు మళ్ళీ చూలు నిలవాలి. కానీ సంకర జాతి ఆవు ఈనగానే పాలు దండిగా ఇస్తుంది, ఆ పాలకు సరిపడా మేత తినలేదు. ఒంట్లో కొవ్వు కరిగించి పాలు చేస్తుంది. అప్పుడు కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ తగ్గుతుంది. రక్తంలో ఇన్సులిన్, గ్లూకోజ్ కూడా తగ్గుతాయి. ఈ కబుర్లు హైపోథలామస్‌కు అందుతాయి. 'ఇప్పుడు ఇంకో దూడను మోసే శక్తి లేదు' అన్నట్టు మెదడు జీఎన్‌ఆర్‌హెచ్ తాళాన్ని నెమ్మది చేస్తుంది. అండాశయం నిద్రపోతుంది. ఇది తల్లిని కాపాడే ఏర్పాటు.

అందుకే డొక్కలెండిన ఆవుకు హార్మోన్ సూదులు ఎన్ని వేయించినా ఫలితం అంతంతమాత్రమే. పచ్చిమేత, ఎండుమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం, నీడ, నీళ్ళు ముందు అందాలి. ఆ తర్వాత డాక్టరు పరీక్షచేసి చెబితే సూదులు ఉపయోగపడతాయి. జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, మరో రెండు రోజులకు మళ్ళీ జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి కృత్రిమ గర్భధారణ చేసే ఓవ్‌సింక్ పద్ధతిని 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది కూడా తిండి ఉన్న ఒంట్లోనే బాగా పనిచేస్తుంది.

మనుషుల్లోనూ ఇదే సూత్రం. కడుపు మాడ్చుకునే అమ్మాయికి, తిండికి మించి సాధనచేసే క్రీడాకారిణికి, తీవ్రమైన దిగులులో ఉన్న స్త్రీకి నెలసరి ఆగవచ్చు. ఆమె గర్భసంచిలో లోపం ఉండనక్కర్లేదు. మెదడు తాళం ఆపి ఉండవచ్చు.

అపోహ 6: ఆవు ఎదకు వచ్చిందనగానే సూది వేయించాలి. ఆలస్యమైతే చూలు నిలవదు.

వాస్తవం: తమిళంలో సినై ఊసి అనే ఈ కృత్రిమ గర్భధారణ సూదికి వేళ ఉంది. ఎదిగిన అండపుటిక నుంచి ఈస్ట్రోజెన్ పెరిగినప్పుడు ఆవు మెదడులో ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఆవు అరుస్తుంది, తీగలు వేస్తుంది, వేరే పశువు మీదికెక్కినా కదలకుండా నిలబడుతుంది. రెండు, అంతవరకు చినుకులుగా వస్తున్న ఎల్‌హెచ్ ఒక్కసారిగా వరదలా పొంగుతుంది. ఆ వరద వచ్చిన 24 నుంచి 32 గంటలకు గాని అండం బయటపడదు. అంటే ఎద లక్షణాలు తగ్గిన తర్వాతే అండం విడుదల.

అందుకే ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించమంటారు. 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో చేసిన పరిశీలనల మీద నిలబడిన నియమం ఇది. గేదెల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, ఎద మూగగా ఉంటుంది. అరవదు, తీగలూ తక్కువ. రాత్రి వేళ, తెల్లవారుజామున వచ్చి పోతుంది. కనిపించలేదు కాబట్టి రాలేదనుకోకూడదు. నీళ్ళు చల్లి, నీడన కట్టి, తెల్లవారుజామున ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి గమనించండి.

అపోహ 7: మేకపోతు పని దాటడం వరకే. దాని కంపు వల్ల ఏ ఉపయోగం లేదు.

వాస్తవం: ఆ కంపులోనే ఒక కబురుంది. సేలం నల్లమేకలు పుట్టిన సీమ ఇది. కాపరులకు తెలిసిన విషయమే: కొన్నాళ్ళు పోతును మందకు దూరంగా ఉంచి మళ్ళీ వదిలితే, చప్పబడి ఉన్న ఆడమేకలు కొద్దిరోజుల్లో ఎదకు వస్తాయి. 2014లో టోక్యో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీని రహస్యం విప్పారు. పోతు తలవెంట్రుకల నుంచి వచ్చే 4-ఇథైల్ఆక్టనాల్ అనే పదార్థాన్ని ఆడమేకలకు చూపించి, వాటి మెదడులో తాళం వేసే కణాల విద్యుత్ చలనాన్ని కొలిచారు. వాసన తగలగానే తాళం వేగం పుంజుకుంది. విత్తులు కొట్టిన పోతుకు ఆ వాసన ఉండదు. మందలో ఆరోగ్యమైన మంచి పోతు ఒకటుంటే, ఒక్క రూపాయి మందు లేకుండా కొన్ని మేకలను ఎదకు తేవచ్చు.

అపోహ 8: ఆక్సిటోసిన్ సూది పాలను పెంచుతుంది.

వాస్తవం: పెంచదు, దింపుతుంది. ఆక్సిటోసిన్ కూడా హైపోథలామస్ కణాలే తయారుచేసే హార్మోన్. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు. దూడ మూతి తగిలినప్పుడు, పాలవాడి చెయ్యి మెత్తగా తాకినప్పుడు పొదుగు నుంచి నరాల ద్వారా కబురు మెదడుకు వెళ్తుంది. నిమిషంలోపే ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగి, పొదుగులో ఉన్న పాలను కిందికి నెడుతుంది. పాలు తయారయ్యేది మేత వల్ల, జాతి వల్ల, ప్రొలాక్టిన్ వంటి ఇతర హార్మోన్ల వల్ల.

కొట్టినా, బెదిరించినా, కుక్క మొరిగినా అడ్రినలిన్ పెరిగి చేపు ఆగిపోతుంది. దానికి విరుగుడు శాంతంగా, ఒకే వేళకు, ఒకే మనిషి పితకడం. పాల కోసం రోజూ సూది పొడిచి పశువుకు హాని చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. అయితే ఒక్క విషయం మరువకండి. కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం ఆపడానికి ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిటోసిన్ ప్రాణాలు నిలిపే మందు. దాన్ని చూసి భయపడవద్దు.

అపోహ 9: బిడ్డ పాలు తాగుతున్నంతకాలం తల్లికి మళ్ళీ గర్భం రాదు.

వాస్తవం: కొంతవరకే నిజం. బిడ్డ చీకినప్పుడు వెళ్ళే కబురూ, పెరిగిన ప్రొలాక్టినూ కలిసి కిస్‌పెప్టిన్ కణాలను అణచి ఉంచుతాయి. తాళం ఆగుతుంది. కానీ మూడు షరతులూ కలిస్తేనే ఈ రక్షణ నమ్మదగ్గది: బిడ్డకు ఆరు నెలల లోపు ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలే ఇవ్వాలి, నెలసరి ఇంకా మొదలై ఉండకూడదు. అప్పుడు నూటికి ఇద్దరికంటే తక్కువమందికే గర్భం వస్తుంది. ఒక్క షరతు తప్పినా వేరే పద్ధతి వాడాలి. మొదటి నెలసరి కనిపించక ముందే అండం విడుదల కావచ్చు.

అపోహ 10: పిల్ల పెద్దమనిషి అయిందంటే పెళ్ళికి, కాన్పుకు సిద్ధమైనట్టే.

వాస్తవం: ఈ అపోహ ఆడపిల్లల ప్రాణాల మీదికి తెస్తోంది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. జీఎన్‌ఆర్‌హెచ్ తాళం కడుపులో ఉండగానే మొదలవుతుంది. పుట్టాక కొన్ని నెలలు మళ్ళీ మోగుతుంది. ఆ తర్వాత మెదడే దాన్ని అణచి ఏళ్ళ తరబడి నిద్రపుచ్చుతుంది. ఆ అణచివేతలో ఎంకేఆర్‌ఎన్3 అనే జన్యువుకు పాత్ర ఉందని 2013లో తెలిసింది. అది దెబ్బతిన్న పిల్లల్లో యుక్తవయసు మరీ ముందే వస్తుంది.

బిగువు సడలాక తాళం మొదట రాత్రి నిద్రలో, తర్వాత పగలూ మోగుతుంది. రొమ్ములు మొలకెత్తిన సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు తొలి నెలసరి వస్తుంది. పసుపు నీళ్ళు పోసి, పట్టుబట్ట కట్టి బంధువులు దీవించే ఆ రోజుకు మెదడుకూ అండాశయానికీ మధ్య సంభాషణ ఇంకా కుదురుకోనే లేదు. మొదటి ఒకటి రెండేళ్ళు చాలా చక్రాల్లో అండమే విడుదల కాదు. కటి ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. ఆ వయసులో కాన్పు తల్లికీ బిడ్డకూ ప్రమాదం. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు 18 నిండకుండా పెళ్ళి నేరం. ఎక్కడైనా అలాంటి పెళ్ళి జరుగుతోందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. వేడుక చేయండి, కానీ అది బడి మాన్పించే వేడుక కాకూడదు.

అపోహ 11: ముట్లుడిగాక వచ్చే ఆవిర్లు మనసు బలహీనత.

వాస్తవం: అండాశయం ఈస్ట్రోజెన్ పంపడం మానేశాక, దానికి అలవాటుపడ్డ కిస్‌పెప్టిన్ కణాలు ఉబ్బి, న్యూరోకైనిన్-బి ఎక్కువగా చేస్తాయి. ఒంటి వేడిని నియంత్రించే కణాలకు ఆ అలజడి పాకుతుంది. ఒంట్లో వేడి లేకపోయినా ఒళ్ళంతా చెమట పడుతుంది. ఈ అవగాహన నుంచే న్యూరోకైనిన్ గ్రాహకాన్ని అడ్డుకునే ఫెజోలినెటెంట్ మందు పుట్టింది. 2023లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. అమ్మ అర్ధరాత్రి లేచి విసనకర్ర పట్టుకుంటే అది ఆమె ఊహ కాదు. డాక్టరుతో మాట్లాడాల్సిన శరీర బాధ.

అపోహ 12: పిల్లలు కలగకపోతే లోపం ఆడదానిదే. మగవాడికి ఒక టెస్టోస్టెరాన్ సూది చాలు.

వాస్తవం: రెండూ తప్పే. మగవారి వృషణాలను నడిపేదీ ఆ జీఎన్‌ఆర్‌హెచ్, ఆ ఎల్‌హెచ్, ఆ ఎఫ్‌ఎస్‌హెచ్‌లే. సంతానం ఆలస్యమైన దాదాపు సగం జంటల్లో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది.

ఇక టెస్టోస్టెరాన్ సూది. వృషణం లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. అప్పుడే వీర్యకణాలు తయారవుతాయి. బయటినుంచి సూది వేస్తే మెదడు 'ఇప్పటికే చాలా ఉంది' అనుకుని తాళం ఆపేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోతాయి. వృషణం లోపలి టెస్టోస్టెరాన్ తగ్గి వీర్యకణాలు కరువవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన పరిశోధనలో వారం వారం టెస్టోస్టెరాన్ సూదిని మగవారికి గర్భనిరోధకంగానే పరీక్షించారు. చాలామందిలో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. ఆపాక కొన్ని నెలలకు తిరిగి వచ్చాయి. జిమ్‌లో కండల కోసం ఎవరో ఇచ్చే సూదులు తీసుకునే కుర్రాళ్ళకూ ఇదే జరుగుతుంది.

అందుకే నా విన్నపం ఇది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి రోజే భర్తకు వీర్యపరీక్ష చేయించండి. అది చవక, నొప్పి లేనిది. కోడలి కడుపును వేలెత్తి చూపేముందు ఆమె పళ్ళెంలో అన్నం, కళ్ళల్లో నిద్ర, మనసులో ధైర్యం ఉన్నాయో చూడండి. దొడ్లో ఆవును అమ్మేయాలనుకునేముందు దాని గాడి చూడండి. మెదడులోని ఆ కొన్ని వేల కణాలు చూసేవి కూడా అవే.